పాత కట్టెల స్టవ్‌కి ధర ఎలా కట్టాలి?

ప్రశ్న: మేం న్యూ హాంప్‌షైర్‌లో, నాషువా దగ్గర కిందటేడు ఇల్లు కొన్నాం. పాత ఓనర్లు బేస్‌మెంట్‌లో ఒక కట్టెల స్టవ్ వదిలేసి వెళ్ళారు. నల్లగా, దిట్టంగా ఉంటుంది. ముందు రెండు తలుపులు, పైభాగం రెండు ఎత్తుల్లో మెట్టులా ఉంది. మాకు గ్యాస్ ఫర్నేస్ ఉంది కాబట్టి దీన్ని ఎప్పుడూ వెలిగించలేదు. పిల్లలు ఆడుకోవడానికి చోటు కావాలని తీసేద్దాం అనుకుంటున్నాం. పక్కింటాయన 150 డాలర్లు ఇస్తానంటున్నాడు. ఆన్‌లైన్‌లో అచ్చం ఇలాంటిదే 1200కి పెట్టారు. సియాటిల్‌లో ఉండే మా బావగారేమో అమ్మడం చట్టవిరుద్ధం, ఊరికే ఇచ్చినా తప్పే అంటున్నారు. మా వారు తుక్కుకి వేసేద్దామంటున్నారు. అసలు దీని విలువ ఎలా లెక్కకట్టాలి? ఫొటోలు పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా, ముందు మీ బావగారి మాట తేల్చేద్దాం. ఆయనన్నది మీకూ వర్తించేదైతే మిగతా లెక్కలన్నీ దండగే కదా. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పొగ పరీక్ష సర్టిఫికేషన్ లేని కట్టెల స్టవ్‌ని అక్కడ అమ్మకూడదు, ఊరికే ఇవ్వకూడదు, బిగించకూడదు. పక్కనున్న ఒరెగాన్‌లో ఇంకా గట్టిగా ఉంటారు. 2010 ఆగస్టు నుంచి అక్కడ ఇల్లు అమ్మేటప్పుడు ఇలాంటి పాత స్టవ్ ఉంటే దాన్ని పీకించి, మళ్ళీ ఎవరూ వాడే వీల్లేకుండా పాడుచేయించాలి. మీరున్నది న్యూ హాంప్‌షైర్‌లో. ఒకరింట్లో వాడిన స్టవ్‌ని ఇంకొకరు కొనుక్కోవడం మీద అక్కడ అలాంటి నిషేధం లేదు. ఫెడరల్ నిబంధనలు ఉన్నాయి గానీ అవి కొత్త స్టవ్‌లు తయారుచేసే కంపెనీలకీ, వాటిని అమ్మే షాపులకీ. మీ బేస్‌మెంట్‌లో ఎప్పుడో బిగించినదాని జోలికి అవి రావు. బావగారిని కాదనక్కర్లేదు, ఆయన ఊరి సంగతి ఆయన చెప్పారంతే.

ఇక ఆ 1200. అది ఎవరో అడుగుతున్న ధర, ఎవరూ ఇచ్చిన ధర కాదు. ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ ప్రకటన మీ కంట పడేదే కాదు. పాత సామాను ధర కట్టేటప్పుడు మనవాళ్ళు ఎక్కువమంది చేసే పని ఇదే: ప్రకటనల్లో అన్నిటికన్నా పెద్ద అంకె చూసి, దాంట్లోంచి ఓ వంద తగ్గించి, అదే మార్కెట్ రేటు అనుకోవడం. మీ చుట్టుపక్కల 50 మైళ్ళలో ఉన్న ప్రకటనలు ఓ పది చూసి పెట్టుకోండి. మూడు వారాలయ్యాక మళ్ళీ చూడండి. ఏవి మాయమయ్యాయో వాటి ధరలు పనికొస్తాయి. ఇంకా అక్కడే ఉన్నవాటిని పక్కన పడేయండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కట్టెల స్టవ్ విలువలో సగం పైగా దాని వీపున ఉంటుంది. టార్చ్ పట్టుకుని స్టవ్ వెనక్కి వెళ్ళి, వెనక పలక మీద రివెట్లు కొట్టిన రేకు ఏమైనా ఉందేమో చూడండి. పక్కల, అడుగున కూడా చూడండి. మసి పట్టి ఉంటే తడిగుడ్డతో తుడవండి, గీకొద్దు. అక్కడ రెండు రకాల రేకులు ఉండొచ్చు. ఒకటి పర్యావరణ సంస్థ ఈపీఏ సర్టిఫికేషన్, అంటే గంటకి ఎన్ని గ్రాముల పొగ వదులుతుందో పరీక్షించి ఇచ్చింది. రెండోది యూఎల్ లాంటి సంస్థలు చేసే సేఫ్టీ పరీక్షది, గోడకి ఎంత దూరంలో పెట్టాలో దాని మీద అంగుళాల్లో రాసి ఉంటుంది. మన దగ్గర సెకండ్ హ్యాండ్ బండికి ఆర్‌సీ ఎలాగో ఈ స్టవ్‌కి ఆ రేకులు అలాగ. బండి ఎంత బాగున్నా కాగితం లేకపోతే కొనేవాడు సగానికి అడుగుతాడు.

ఈపీఏ నిబంధనలు మొదట 1988లో వచ్చాయి. 1990ల నుంచి అమ్మిన మామూలు స్టవ్‌లు గంటకి 7.5 గ్రాములు, క్యాటలిస్ట్ (పొగని మళ్ళీ కాల్చే భాగం) ఉన్నవి 4.1 గ్రాములు దాటకూడదన్నారు. 2015లో రెండు రకాలకీ ఒకటే హద్దు, 4.5 అన్నారు. 2020 మే 15 నుంచి కొత్తగా అమ్మేవి 2 గ్రాములు, మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5. అందుకే రేకు మీద అంకె ఎంత చిన్నదైతే ధర అంత పలుకుతుంది. చిన్న జాగ్రత్త: కొన్నిటి మీద 'ఎగ్జెంప్ట్' అని ఉంటుంది. అంటే ఆ పరీక్ష నుంచి మినహాయించారని. పాస్ అయిందని కాదు. ప్రకటనలో దాన్నే 'ఈపీఏ లేబుల్ ఉంది' అని రాసేవాళ్ళున్నారు.

మీ ఫొటోల్లో వెనకవైపు రేకేమీ కనబడలేదు. ఆ ఆకారం చూస్తే మటుకు ఫిషర్ స్టవ్ అయినా అయ్యుండాలి, దాన్ని చూసి చేసిన నకలైనా అయ్యుండాలి. 1973లో చమురు సంక్షోభం వచ్చి హీటింగ్ ఆయిల్ ధరలు పేలిపోయినప్పుడు అమెరికాలో కట్టెల స్టవ్‌లకి పెద్ద గిరాకీ వచ్చింది. ఒరెగాన్‌లో బాబ్ ఫిషర్ అనే ఆయన మందపాటి ఉక్కు పలకల్ని వెల్డింగ్ చేసి, పైభాగం రెండు ఎత్తుల్లో ఉండే స్టవ్ తయారుచేశాడు. ఒక ఎత్తు మీద నీళ్ళు మరుగుతుంటే రెండో ఎత్తు మీద సన్నసెగకి కూర పెట్టుకోవచ్చు. ఒంటి తలుపు వాటికి పాపా బేర్, మామా బేర్, బేబీ బేర్ అనీ, రెండు తలుపుల వాటికి గ్రాండ్‌పా బేర్, గ్రాండ్‌మా బేర్ అనీ పేర్లు పెట్టారు. లైసెన్సు ఇచ్చి దేశమంతటా చేయించారు. 1980ల చివర్లో ఈపీఏ నిబంధనలు రావడంతో ఆ అధ్యాయం ముగిసింది. ఏ ఒరెగాన్‌లో పుట్టిందో ఆ ఒరెగాన్‌లోనే ఇవాళ దాన్ని అమ్మే వీల్లేదు!

మీది అసలుదో నకలో తేలాలి. తలుపుల మీద, తలుపుల లోపలి వైపు, వెనక, అడుగున పేరు గానీ నంబరు గానీ పోత పోసి ఉందేమో వెతకండి. ఆ రోజుల్లో ఊరూరా వెల్డింగ్ షాపుల వాళ్ళు అలాంటివే చేసి అమ్మారు. వేడి ఇవ్వడంలో తేడా పెద్దగా ఉండకపోవచ్చు గానీ, కొనేవాడు పేరుకి డబ్బిస్తాడు. పేరు దొరక్కపోతే నేను కింద చెప్పే ఫిషర్ ధరలో సుమారు మూడో వంతు తగ్గుతుంది.

తర్వాత స్టవ్ ఆరోగ్యం. ఇది మీరే చూసుకోవచ్చు, అరగంట పని. బూడిద పూర్తిగా తీసేసి, బేస్‌మెంట్ లైట్లు ఆర్పేసి, వెలిగించిన టార్చ్‌ని స్టవ్ లోపల పెట్టి తలుపులు మూయండి. చుట్టూ తిరిగి మూలలు, వెల్డింగ్ అతుకులు, గొట్టం బయటికొచ్చే చోటు నిదానంగా చూడండి. ఎక్కడైనా సన్నగా వెలుతురు గీతలా కనబడితే అక్కడ పగులుందన్నమాట. ఉక్కు స్టవ్‌కి అతుకు విడితే మంచి వెల్డర్ మళ్ళీ అతుకుతాడు. పోత ఇనుముతో చేసిన స్టవ్ పలక పగిలితే ఆ పలకే మార్చాలి, అది దొరకడమే కష్టం. అందుకే పగిలిన పోత ఇనుము స్టవ్‌కి ఎవరూ డబ్బులివ్వరు. ఉక్కుదానికి కొంత తగ్గించి ఇస్తారు.

ఆ తర్వాత పైపలక మీద పొడుగాటి స్కేలు నిలబెట్టి చూడండి. మధ్యలో ఉబ్బినా కుంగినా ఎవరో దాన్ని ఎర్రగా కాలేదాకా మండించారని అర్థం. ఫిషర్ వాటి పక్క పలకలు పావు అంగుళం, పైపలక 5/16 అంగుళం మందం. అంత మందం పలక వంకర పోయిందంటే బాగానే హింస పెట్టారు. లోపల గోడలకి పేర్చిన ఫైర్ బ్రిక్స్‌లో రెండు మూడు పగిలి ఉంటే కంగారు పడకండి, హార్డ్‌వేర్ షాపుల్లో ఒక్కోటి కొద్ది డాలర్లకే దొరుకుతుంది. పైపైన తుప్పు కూడా అంతే. వైర్ బ్రష్‌తో రుద్ది, స్టవ్‌లకి వేసే వేడికి తట్టుకునే నల్లరంగు ఒక డబ్బా కొట్టిస్తే పోతుంది. ఆ డబ్బా మీద పెట్టిన పదిహేనో ఇరవయ్యో డాలర్లు ధరలో యాభైకి పైగా తెచ్చిపెడతాయి. రంగు కిందకి తుప్పుని దాచడం మటుకు వద్దు. పొరలు పొరలుగా ఊడే తుప్పు ఉంటే ఫొటో తీసి చూపించేయండి.

తలుపు చుట్టూ గాలి దూరకుండా పెట్టే గ్యాస్కెట్ తాడు లేదని కొనేవాళ్ళు బేరమాడతారు. ఫిషర్‌లకి మొదటినుంచీ తాడు ఉండదు, ఇనుముకి ఇనుమే ఆనుతుంది. ఆ మాట చెప్పండి, తగ్గొద్దు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగినప్పుడు పట్టుగా ఉంటే చాలు. ఒకవేళ ఎవరైనా తర్వాత తాడు అతికించి ఉంటే దాన్ని వేళ్ళతో పీకొద్దు. 1970ల నాటి తాళ్ళలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ, పొడి రేపితే ప్రమాదం. పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి.

ఇప్పుడు కొనేవాడి వైపు నుంచి చూడండి. మీ స్టవ్‌కి సేఫ్టీ లేబుల్ లేదనుకుందాం. లేబుల్ లేని స్టవ్‌ని మండే గోడలకి 36 అంగుళాల దూరంలో పెట్టాలని ఎన్ఎఫ్‌పీఏ 211 అనే అగ్నిప్రమాద నివారణ ప్రమాణం చెబుతుంది. రక్షణ పలకలు బిగిస్తే కొంత తగ్గించుకోవచ్చు. అయినా అటు మూడడుగులు ఇటు మూడడుగులు వదలాలంటే మామూలు హాల్లో చోటెక్కడుంది? రెండు తలుపుల వాటికి పొగగొట్టం సాధారణంగా 8 అంగుళాలది, కొత్త చిమ్నీలు ఎక్కువగా 6 అంగుళాలకి కడుతున్నారు. గొట్టం వ్యాసం కొలిచి ప్రకటనలో రాయండి, లేకపోతే వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళిపోతారు. ఇంటి ఇన్సూరెన్సు కంపెనీలు కూడా లేబుల్ లేదంటే పేచీ పెడతాయి. ఇవన్నీ కలిసి దాన్ని మామూలు ఇళ్ళకి దూరం చేస్తాయి. మిగిలేది ఎవరు? అడవిలో వేట క్యాబిన్ ఉన్నవాళ్ళు, వర్క్‌షాప్ వాళ్ళు, ఇప్పటికే ఇలాంటిది వాడుతూ రెండోది కావాలనుకునేవాళ్ళు, ఆ మోడల్ అంటే అభిమానం ఉన్న కొద్దిమంది. గరాజ్‌లో పెడతానని ఎవరైనా అంటే గ్యాసోలిన్ ఆవిరి ఉండేచోట నిప్పు పెట్టకూడదని ఒక మాట చెప్పండి. మీరు చెప్పాల్సిన బాధ్యత లేదు గానీ చెబితే మంచిది.

అంకెలకి వద్దాం. పేరున్న ఫిషర్, రెండు తలుపులది, పగుళ్ళు వంకరలు లేనిది అయితే మీ న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో 300 నుంచి 500 డాలర్ల మధ్య నిజంగా చేతులు మారుతుందని నా అంచనా. మీది అదే అని తేలితే 450కి పెట్టండి, 350 దగ్గర ఇచ్చేయండి. పేరు దొరక్కపోతే 300కి పెట్టి 200 దాకా దిగండి. అతుకు విడిపోయి ఉంటే పక్కింటాయన 150 చాలా మంచి బేరం, ఆలస్యం చేయకండి. పైగా ఆయన మోసుకెళ్ళాల్సిన దూరం తక్కువ. అది మీకూ లాభమే. ఈ స్టవ్ 400 పౌండ్ల పైనే ఉంటుంది, బేస్‌మెంట్ మెట్లెక్కించాలి. మనుషుల్ని పెట్టి మీరే బయటికి తెప్పించాల్సి వస్తే ఆ కూలి మీ ధరని తినేస్తుంది. "కొన్నవాళ్ళే బేస్‌మెంట్‌లోంచి మోసుకుని తీసుకెళ్ళాలి" అన్న మాట ప్రకటన మొదటి వాక్యంలోనే ఉండాలి.

తుక్కు ఆలోచన మాత్రం మానుకోమనండి మీ వారిని. ఇనుము పౌండుకి సెంట్లలో పలుకుతుంది. ట్రక్కు అద్దె కూడా రాదు.

ఇదంతా చెప్పాక ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. నిజంగా తీసేయాలా? మీ గ్యాస్ ఫర్నేస్‌లో గాలి తిప్పే ఫ్యాన్ కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే గ్యాస్ ఉన్నా ఇల్లు వెచ్చబడదు. 2008 డిసెంబర్‌లో మీ రాష్ట్రంలో మంచు తుఫాను వచ్చి కొమ్మలు విరిగి తీగలు తెగిపడినప్పుడు కొన్నిచోట్ల రెండు వారాలదాకా కరెంటు రాలేదు. ఆ రోజుల్లో కట్టెల స్టవ్ ఉన్న ఇళ్ళలోకి చుట్టుపక్కల వాళ్ళంతా చేరారు. 350 డాలర్ల కోసం ఆ అవకాశం వదులుకోవాలా అన్నది మీరు ఆలోచించుకోండి. అయితే ఉంచుకోవడమూ ఊరికే రాదు. చిమ్నీ శుభ్రం చేసేవాణ్ణి పిలిపించి లోపల క్రియోసోట్ (పొగ వల్ల పట్టే, నిప్పంటుకునే జిగట మసి) పేరుకుందేమో, లోపలి గొట్టం లైనర్ పగిలిందేమో చూపించాలి. గోడల దూరం కొలిపించాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాలి, ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పాలి. ఇవి చేయించకుండా "కరెంటు పోతే వెలిగిద్దాంలే" అనుకోవడం అన్నిటికన్నా చెడ్డది. చిన్నపిల్లలున్న ఇల్లు, ఆడుకునే గది అంటున్నారు కాబట్టి నేనైతే అమ్మేయమనే అంటాను.

ఇదే పత్రిక చదువుతున్న వేరేవాళ్ళ ఇళ్ళలో లేబుల్ ఉన్న స్టవ్‌లు ఉండొచ్చు, వాళ్ళ లెక్క వేరు. నార్వే కంపెనీ యోతుల్, వెర్మాంట్‌లో మొదలైన వెర్మాంట్ క్యాస్టింగ్స్, హార్త్‌స్టోన్ లాంటి పేర్లకి కొత్త ధర ఆధారంగా ధర కట్టాలి. అదే సైజు కొత్తది ఇవాళ షాపులో ఎంతో కనుక్కోండి. పదేళ్ళ లోపుది, చక్కగా వాడింది అయితే దానికి సగం. పదేళ్ళు దాటితే మూడో వంతు. అందులోంచి మార్చాల్సిన భాగాల ఖర్చు పూర్తిగా తీసేయండి, సగం సగం పంచుకుందామని మొదలుపెట్టకండి. పెద్ద కోత క్యాటలిస్ట్ దగ్గర పడుతుంది. అది సుమారు 10,000 నుంచి 12,000 గంటలు పనిచేస్తుంది. చలికాలం పొడుగునా మండించే ఇంట్లో ఏడాదికి రెండువేల గంటలు సులువుగా దాటుతాయి, అంటే ఐదారు చలికాలాలకే దాని పని అయిపోతుంది. కొత్తది కొన్ని వందల డాలర్లు. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించగలిగితే ఆ మేరకు ధర నిలబడుతుంది, లేకపోతే అయిపోయిందనే లెక్క వేస్తారు.

ఇంకోటుంది. 2023 నుంచి 2025 చివరిదాకా 75 శాతం సామర్థ్యం ఉన్న కొత్త కట్టెల స్టవ్ కొన్నవాళ్ళకి దాని ఖర్చులో 30 శాతం, 2000 డాలర్లకి మించకుండా, ఫెడరల్ పన్నులోంచి తగ్గేది. నాలుగువేల స్టవ్ చేతికి 2800కి వస్తుంటే వాడినదానికి రెండువేలు ఎవరిస్తారు? ఆ మినహాయింపు 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది. కాబట్టి ఆ మూడేళ్ళలో అమ్ముడైన ధరలు చూసి బెంగపడకండి, లేబుల్ ఉన్న మంచి స్టవ్‌లకి ఇప్పుడు ఆ పోటీ లేదు. మీలాంటి లేబుల్ లేని వాటికి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఎప్పుడు అమ్మాలంటే, సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ చివరిదాకా. మొదటి చలిగాలి తగలగానే ఫోన్లు మొదలవుతాయి. ఏప్రిల్‌లో పెడితే ఇదే స్టవ్‌కి వంద తక్కువొస్తుంది, పైగా వచ్చినవాళ్ళు తీరిగ్గా బేరమాడతారు. మసాచుసెట్స్ మీకు పక్కనే కాబట్టి అట్నుంచీ ఫోన్లు వస్తాయి. అక్కడ బిగించడానికి బిల్డింగ్ పర్మిట్ కావాలి, ఆ సంగతి వాళ్ళ టౌన్ ఆఫీసులో కనుక్కున్నాకే రమ్మనండి. చూడకుండానే అడిగినదానికన్నా ఎక్కువ చెక్కు పంపిస్తాం, మూవర్స్‌కి మిగతాది మీరివ్వండి అనేవాళ్ళు మోసగాళ్ళు, జవాబే ఇవ్వకండి. నగదు, చేతికి చేయి.

ప్రకటనలో ఫొటోలు ఆరు పెట్టండి: ముందు, వెనక, తలుపులు తీసి లోపల, పైపలక, పేరున్న చోటు, టేపుతో కొలుస్తున్న గొట్టం. పొడవు, వెడల్పు, లోపల పట్టే కట్టె పొడవు అంగుళాల్లో రాయండి. "ఈపీఏ సర్టిఫికేషన్ లేదు, సేఫ్టీ లేబుల్ లేదు, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం" అని స్పష్టంగా ఉండాలి. అదే మాట చిన్న రసీదు మీద కూడా రాసి సంతకం పెట్టించుకోండి. స్టవ్ వెళ్ళిన రోజే గోడలో గొట్టం దూరిన కన్నాన్ని లోహపు మూతతో బిగించేయించండి. ఆ చిమ్నీలోకే ఫర్నేస్ గానీ వాటర్ హీటర్ గానీ పొగ వదులుతోందేమో ముందు చూపించాకే పైన టోపీ మూయమనండి. అది చూడకుండా మూస్తే ఆ పొగ ఇంట్లోకే తన్నుకొస్తుంది.